లెమన్ బామ్ ఆకు నల్లబడకుండా కోసి, ఆరబెట్టి, టీకి దాచుకునే పద్ధతి

"మీరు చెప్పినట్టే ఎండబెట్టానండీ, ఆకంతా నల్లగా అయిపోయింది, వాసన చూస్తే ఎండుగడ్డిలా ఉంది, ఎక్కడ తప్పు చేశాను?" జూన్ వచ్చిందంటే నాకు ఈ ప్రశ్నలు మొదలవుతాయి. ఒక్కొక్కరికి విడిగా జవాబు రాసే ఓపిక అయిపోయింది, అందుకే మొత్తం ఒకచోట పెడుతున్నాను. (లెమన్ బామ్ అంటే తలనొప్పికి రాసుకునేదా అని అడిగినవాళ్లూ ఉన్నారు. కాదు, ఇది మొక్క, పుదీనాకి చుట్టం, ఆకు నలిపితే నిమ్మకాయ వాసన వస్తుంది.)

మేం ఉండేది న్యూజెర్సీలో. పెరటి కంచె పక్కన ఐదు కుదుళ్లు ఉన్నాయి. నేను చెప్పే నెలలన్నీ ఇక్కడి వాతావరణం ప్రకారం. హైదరాబాద్, కోస్తా వాళ్లకి ఎక్కడ తేడా వస్తుందో చివర్లో రాశాను.

అసలు చిక్కంతా మన అలవాటుతోనే. ఎండబెట్టడం అనగానే మన చేతులకి గుర్తొచ్చేది వడియాలు, మిరపకాయలు, మామిడి ఒరుగులు. మండే ఎండ, డాబా, పాత చీర. లెమన్ బామ్‌ని అలా చేస్తే చెడుతుంది. దీన్ని ఎండబెట్టం, ఆరబెడతాం. నీడలో, గాలి తగిలేలా, వీలైనంత త్వరగా, వీలైనంత తక్కువసార్లు ముట్టుకుని.

## 1. ఎప్పుడు కోయాలి

పూమొగ్గ కనిపించేముందు కోయాలి. ఆకు కణుపుల దగ్గర చిన్న చిన్న ఆకుపచ్చ గుత్తుల్లా మొగ్గలు మొదలవుతాయి, తర్వాత తెల్లటి చిన్న పూలు వస్తాయి. పూలు వచ్చాక కోసినా విషమేం కాదు, కానీ ఆకు ముతకబడుతుంది, కింది ఆకులు పసుపెక్కుతాయి, వాసనలో నిమ్మ తగ్గి సబ్బు ఛాయ వస్తుంది. అనుమానంగా ఉంటే ఒక ఆకు తుంచి నలిపి చూడండి. నిమ్మ వాసన ముక్కుకి గట్టిగా తగలకపోతే ఆ కోత టీకి పనికిరాదు. మొక్కని కత్తిరించేసి, వచ్చే చిగురు కోసం ఆగండి.

మా దగ్గర మూడు కోతలు వస్తాయి. మే ఆఖరు లేదా జూన్ మొదటి వారంలో మొదటిది, అన్నిటికంటే మంచిది. జులై మధ్యలో రెండోది. సెప్టెంబర్ మొదట్లో మూడోది, అది పైపైన మాత్రమే, ఎందుకంటే మంచు పడే ముందు మొక్క కోలుకోవడానికి కనీసం నెల రోజులు కావాలి.

ఈ ఏడాదే నాటిన మొక్క అయితే ఆశపడకండి. కొసలు రెండుసార్లు తుంచుకోండి, చాలు. పూర్తి కోత రెండో ఏడు నుంచే.

రోజులో ఏ వేళ అంటే, ఆకు మీద మంచు తడి పూర్తిగా ఆరిపోయాక, ఎండ ఇంకా ముదరకముందు. మాకు అది తొమ్మిదిన్నర, పది మధ్య. వాన తడి పొద్దునకి ఇంకా ఆరకపోతే ఆ రోజు వదిలేయండి, తడి ఆకు ఆరేలోపే నల్లబడుతుంది.

## 2. ముందురోజు సాయంత్రం చేయాల్సిన పనులు

చాలామంది ముందు ఆకు కోసుకొచ్చి, ఆ తర్వాత ఎక్కడ పరవాలా అని ఇల్లంతా వెతుకుతారు. ఆ అరగంటలో ఆకు బుట్టలో వేడెక్కి సగం చెడిపోతుంది. చోటు ముందు, కోత తర్వాత.

ఇంకో ముఖ్యమైన పని, మొక్క మీదే ఆకు కడగడం. సాయంత్రం ఐదింటికి పైపుతో సన్నగా నీళ్లు కొట్టి దుమ్ము, మట్టి చిందులు పోయేలా తడపండి. చీకటి పడేలోపు ఆకు చాలావరకు ఆరుతుంది, మిగతాది పొద్దున ఎండకి ఆరుతుంది. కోశాక కడిగే బాధ తప్పుతుంది. ఈ ఒక్క మార్పుతో నా మొదటి రెండేళ్ల కష్టాల్లో సగం పోయాయి.

సిద్ధంగా ఉండాల్సినవి:

- పదునైన కత్తెర (మొద్దు కత్తెర కాడని కోయదు, నలుపుతుంది)
- వెడల్పాటి వెదురు బుట్ట లేదా చాట. ప్లాస్టిక్ సంచి వద్దు
- దోమతెర బట్ట బిగించిన చట్రం, అది లేకపోతే కూలింగ్ ర్యాక్ (కేకులు చల్లార్చే తీగల జాలీ) మీద పరిచిన పలుచని నూలుబట్ట
- కట్టలు కట్టేవాళ్లకి రబ్బరు బ్యాండ్లు
- ఎండ నేరుగా పడని, గాలి ఆడే గది
- గదిలో తేమ చూపించే చిన్న మీటరు (ఉంటే మంచిది, ఖరీదైనది అక్కర్లేదు)

గది విషయంలో ఒక హెచ్చరిక. వంటింట్లో వద్దు. మొదటి ఏడాది స్టవ్‌కి ఎదురుగా కిటికీ దగ్గర వేలాడదీశాను, చూడ్డానికి భలే ముచ్చటగా ఉంది, కానీ తర్వాత టీ పెడితే ఇంగువ పోపు వాసన. మా ఇంట్లో ఇప్పటికీ దాన్ని సాంబారు టీ అని వెక్కిరిస్తారు. గరాజ్ కూడా వద్దు, పెట్రోలు వాసన ఇంకా త్వరగా పడుతుంది.

## 3. కోసే పద్ధతి

నేల నుంచి నాలుగు వేళ్ల ఎత్తు వదిలి, ఒక ఆకు జతకి కాస్త పైన కోయండి. ఆ కణుపు దగ్గర నుంచే రెండు కొత్త కొమ్మలు వస్తాయి. బాగా కుదురుకున్న మొక్క అయితే మొత్తం ఇలా కోసినా మూడు, నాలుగు వారాల్లో మళ్లీ గుబురుగా లేస్తుంది. నీళ్లు మాత్రం మరిచిపోకండి.

ఆకులు ఒక్కొక్కటే గిల్లకండి. కాడతో సహా కోయండి. గిల్లితే ప్రతి ఆకుకీ ఒక గాయం, వేళ్ల కింద నలిగిన చోట మరో గాయం. లెమన్ బామ్ ఆకులో నూనె చాలా తక్కువ, వంద గ్రాముల ఎండాకులో అర గ్రాము కూడా ఉండదు. ఆ కాస్తా ఆకు మీది కంటికి సరిగా కనిపించని తిత్తుల్లో ఉంటుంది. కోసేటప్పుడు మీ చేతులు ఘుమఘుమలాడుతున్నాయంటే ఆ నూనె మీ చేతికి అంటుకున్నట్టే, టీలోకి రానట్టే.

నల్లబడటం కూడా ఇక్కడే మొదలవుతుంది. వంకాయ కోసి గాలికి వదిలేస్తే ఎందుకు నల్లబడుతుందో ఇదీ అందుకే. నలిగిన చోట ఆకు రసం గాలికి తగిలి రంగు మారుతుంది. వంకాయని ఉప్పునీళ్లలో వేసి కాపాడతాం, దీన్ని అలా వేయలేం కదా. నలపకుండా చూసుకోవడమే దారి.

బుట్టలో వదులుగా వేయండి, అదమకండి. రెండు గుప్పెళ్లు అవగానే లోపలికి తెచ్చి పరిచి, మళ్లీ వెళ్లండి. అన్నీ ఒకేసారి కోసి గుట్టపోస్తే మధ్యలో చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. ఆ వేడికే ఆకు ముదురు రంగుకి తిరుగుతుంది.

## 4. ఏరడం, తప్పకపోతే కడగడం

పసుపెక్కినవి, మచ్చలున్నవి, పురుగు తిన్నవి తీసేయండి. ఆకు మీద పిండి చల్లినట్టు తెల్లగా ఉంటే అది బూడిద తెగులు, ఆ కొమ్మ మొత్తం పారేయండి. కడిగితే పోతుందిలే అనుకోవద్దు. ఆకు అడుగున పేనుబంక ఉందేమో ఒకసారి తిప్పి చూడండి, ముఖ్యంగా చిగుళ్ల దగ్గర.

మట్టి బాగా ఉండి కడగక తప్పదనుకుంటే: వెడల్పాటి గిన్నెలో చల్లటి నీళ్లు పోసి, కాడలు పట్టుకుని నాలుగైదుసార్లు ముంచి తీయండి. కాడ చివర పట్టుకుని విదిలించండి. తువ్వాలు మీద ఒక వరుసగా పరిచి, ఫ్యాన్ కింద నీటి చుక్క కనపడనంతవరకు ఉంచండి. తువ్వాలుతో రుద్దకండి, చుట్టి పిండకండి.

## 5. ఆరబెట్టడం

మూడు దారులు. మీ గది తేమని బట్టి ఎంచుకోండి, మీ సరదాని బట్టి కాదు.

అ. చట్రం మీద పరచడం. నాకు ఇదే ఇష్టం. కాడ నుంచి ఆకుల్ని కత్తెరతో విడదీసి, ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే వరుసలో పరచండి. కింద నుంచి కూడా గాలి ఆడాలి, అందుకే నేల మీద పేపరు పరిచి వేస్తే సరిగ్గా ఆరదు. ఫ్యాన్ సన్నగా, గది గోడ వైపు తిప్పి పెట్టండి. రోజుకొకసారి చట్రాన్ని మెల్లగా కదపండి, చేత్తో కలపొద్దు. తేమ తక్కువున్న గదిలో మూడు, నాలుగు రోజులు పడుతుంది.

ఆ. కట్టలు కట్టి వేలాడదీయడం. ఆరేడు కాడలకి మించి ఒక కట్టలో పెట్టకండి. పెద్ద కట్ట బయట ఆరుతుంది, లోపల నల్లబడుతుంది. దారంతో కడితే రెండో రోజుకి కాడలు సన్నబడి జారి నేలమీద ఉంటాయి, రబ్బరు బ్యాండ్ అయితే కాడతో పాటే బిగుస్తుంది. తలకిందులుగా, గోడకి తగలకుండా కట్టండి. ఐదు నుంచి పది రోజులు. మా ఊళ్లో జులై ఉక్కలో ఈ పద్ధతి దాదాపు పనిచేయదు, మే కోతకే వాడతాను.

ఇ. డీహైడ్రేటర్ (సన్నటి వేడిగాలితో ఆరబెట్టే ట్రేల పెట్టె). గదిలో తేమ 60 శాతం దాటి ఉంటే మొహమాటపడకుండా ఇదే వాడండి. 35 డిగ్రీల సెల్సియస్, అంటే 95 ఫారన్‌హీట్. 40 డిగ్రీలు దాటనివ్వకండి. ఎక్కువ పెడితే త్వరగా అవుతుంది నిజమే, ఇల్లంతా నిమ్మ వాసన కూడా వస్తుంది, ఆ వాసనే మీ టీలో ఉండాల్సింది. నాకు ఈ వేడిలో 12 నుంచి 18 గంటలు పడుతుంది. సాయంత్రం పెట్టి పొద్దున చూసి, ట్రేలు పైవి కిందికి, కిందివి పైకి మార్చి మళ్లీ పెడతాను.

ఓవెన్ గురించి చాలామంది అడుగుతారు. ఇక్కడి ఓవెన్లు చాలావరకు 170 ఫారన్‌హీట్ కంటే కిందికి దిగవు, అది దాదాపు 77 సెల్సియస్. తలుపు తీసి పెట్టినా వేడి ఎక్కువే. మైక్రోవేవ్ అయితే ఒకచోట ఆకు మాడుతుంది, పక్కది పచ్చిగా ఉంటుంది, నిప్పంటుకున్న సందర్భాలూ లేకపోలేదు. ఎయిర్ ఫ్రైయర్‌లో ఆకులు ఎగిరి పైనున్న వేడి కాయిల్‌కి తగులుతాయి. ఈ మూడూ వద్దు.

ఎండలో మాత్రం ఒక్క గంట కూడా పెట్టకండి. రంగు వెలిసి, వాసన పోయి, మిగిలేది చెత్తే. మునగాకు పొడికి అమ్మ ఆకుని నీడపట్టున ఆరేస్తుంది చూడండి, సరిగ్గా అలా.

## 6. ఆరిందా లేదా

ఇక్కడే తొందర పనికిరాదు. ఆకు అంచు గలగలమంటుంది, మనం అయిపోయిందనుకుంటాం, కానీ మధ్య ఈనెలో తడి ఉంటుంది. అలా సీసాలో వేస్తే పది రోజుల్లో బూజు.

ఇలా చూడండి:

- ఆకుని మడిస్తే వంగకూడదు, పెళుసుగా విరగాలి
- మధ్య ఈనె విడిగా పట్టుకుని వంచితే టక్కున తెగాలి
- కట్టలు కట్టినవాళ్లు సన్న కాడని విరిచి చూడాలి, నార లాగా సాగితే ఇంకా కాలేదు
- వంటింటి తూకం ఉంటే, కోసినప్పుడు 100 గ్రాములున్న ఆకు ఆరాక దాదాపు 20 గ్రాములకి రావాలి. 30 దగ్గర ఆగిందంటే ఇంకా తడి ఉన్నట్టే

తూకం వేసేటప్పుడు కాడలు లేకుండా ఆకు మాత్రమే వేయండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

## 7. సీసాలో మొదటి వారం

ఆరిన ఆకుని గాజు సీసాలో మూడొంతులు నింపి మూత పెట్టండి. వారం రోజులు రోజూ ఒకసారి కదిపి చూడండి. సీసా లోపలి గోడకి ఆవిరి పట్టిందా? ఆకులు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయా? నిన్న పెళుసుగా ఉన్న ఆకు ఇవాళ మెత్తబడిందా? ఏది కనిపించినా వెంటనే బయటికి తీసి, చట్రం మీద ఒక రోజు లేదా డీహైడ్రేటర్‌లో రెండు గంటలు పెట్టి మళ్లీ సీసాలో వేయండి, వారం లెక్క మళ్లీ మొదటి నుంచి.

బూజు కనిపించినా, ముక్కిపోయిన వాసన వచ్చినా, పైన ఆకులు తీసేసి కిందివి వాడుకుందాం అనుకోకండి. సీసా మొత్తం పారబోయాల్సిందే. పోయిన ప్రాణంలా బాధగానే ఉంటుంది, నేనూ రెండుసార్లు పారబోశాను.

## 8. దాచుకోవడం

వారం గడిచాక సీసాని నిండా నింపండి, ఖాళీ ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ఆకులు పొడి చేయొద్దు, నలపొద్దు, వీలైనంత ముక్కలవకుండా ఉంచండి. టీ పెట్టే నిమిషంలోనే చేత్తో నలపాలి.

చీకటి బీరువా, స్టవ్‌కి దూరం, ధనియాలూ జీలకర్రా ఉండే అర కాకుండా వేరే అర. సీసా మీద కోసిన తేదీ, ఎన్నో కోతో రాసిన చీటీ. ఆరు నెలల్లోపు తాగితే బాగుంటుంది. ఏడాది దాటితే పాడవదు కానీ నిమ్మ మిగలదు. నిజం చెప్పాలంటే మిగతా చాలా ఆకుల కంటే దీని వాసన త్వరగా పోతుంది, అందుకే నేను బోలెడంత కోసి దాచను, మా ఇద్దరికీ చలికాలానికి సరిపడా రెండు పెద్ద సీసాలు, అంతే.

## 9. ఎక్కువగా వచ్చే ఇబ్బందులు

ఆకు మొత్తం గోధుమ, నలుపు రంగు. తడిగా కోశారు, లేదా గుట్టపోశారు, లేదా ఆరడానికి మరీ ఎక్కువ రోజులు పట్టింది. వాసన బాగుంటే తాగొచ్చు. వాసన కూడా లేకపోతే కంపోస్టులో వేయండి.

అంచులు మాత్రమే నలుపు. కత్తెర మొద్దుది, లేదా చేతులు ఎక్కువ తగిలాయి. తాగడానికి ఏ ఇబ్బందీ లేదు.

రంగు పచ్చగా బాగుంది, వాసన లేదు. వేడి ఎక్కువైంది, లేదా పూలు వచ్చాక కోశారు. దీనికి మందు లేదు. అల్లం, నిమ్మగడ్డి టీలో కలిపేసుకోండి.

చట్రం మీద నాలుగు రోజులైనా మెత్తగానే ఉంది. గది తేమ. తలుపులేసి డీహ్యూమిడిఫయ్యర్ (గాలిలో తేమ లాగే యంత్రం) లేదా ఏసీ వేయండి, అవి లేకపోతే ఆ రోజే డీహైడ్రేటర్‌కి మార్చండి. ఐదో రోజు దాకా చూద్దాంలే అనుకుంటే బూజు మీకంటే ముందొస్తుంది.

కోశాక మొక్క లేవడం లేదు. మరీ నేలకి అంటా కోశారు, లేదా కోసిన వారం నీళ్లు లేవు. కుదురు చుట్టూ కొంచెం కంపోస్టు వేసి తడిగా ఉంచండి, చాలాసార్లు తిరిగొస్తుంది.

## 10. టీ పెట్టడం

ఇంత కష్టపడి ఆరబెట్టి, చివరికి మన చాయ్‌లా గిన్నెలో వేసి తెర్ల కాచేవాళ్లని చూశాను. అయిదు నిమిషాలు కాచారంటే వాసనంతా ఆవిరితో పోయి వంటిల్లు మాత్రం కమ్మగా ఉంటుంది.

ఒక కప్పుకి రెండు గ్రాములు, అంటే నలిపిన ఆకు రెండు చెంచాలకి అటూ ఇటూ. కప్పులో వేసి, మరిగిన నీళ్లు పోసి, వెంటనే సాసరుతో మూత పెట్టండి. ఏడు నుంచి పది నిమిషాలు. మూత తీసేటప్పుడు దాని అడుగున పట్టిన చుక్కల్ని కప్పులోకే వంచండి. పాలు వద్దు. తేనె మీ ఇష్టం.

ఒక జాగ్రత్త: దీనికి కాస్త మగత తెప్పించే గుణం ఉంది. నిద్రమాత్రలు, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఆపరేషన్ తేదీ దగ్గరపడినవాళ్లు డాక్టర్ని అడిగాకే తాగండి. మా అత్తయ్యగారు థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు, ఆవిడకి పుదీనా టీయే ఇస్తాను.

## 11. హైదరాబాద్, కోస్తా వాళ్లకి

ఇది చలి దేశపు మొక్క, మన వేసవికి తట్టుకోలేదు. అక్టోబర్‌లో కుండీలో నాటి, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కోసుకోండి. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ ఉండేచోట పెట్టండి. హైదరాబాద్ చలికాలంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి డీహైడ్రేటర్ అక్కర్లేదు, చాటలో పరిచి గదిలో ఫ్యాన్ వేస్తే సరిపోతుంది, ఈ విషయంలో మీరు నాకంటే అదృష్టవంతులు. విశాఖ, కాకినాడ వైపు సముద్రపు తేమ వదలదు, అక్కడ ఏసీ గదిలోనే ఆరబెట్టండి.

మార్చి మొదట్లో మొక్కని సగానికి కత్తిరించి, కుండీని పూర్తిగా నీడలోకి మార్చండి. దాంతోపాటు రెండు మూడు కొమ్మలు నీళ్లలో వేళ్లూనించి ఇంట్లో కిటికీ దగ్గర పెట్టుకోండి. మే నెలలో పెద్ద మొక్క పోయినా ఇవి మిగులుతాయి.